వాతావరణం వేళకే పోయే బొమ్మ

"చీకటి పడగానే వెతుకులాట ఆపేస్తున్నాం మాగ్దా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ క్రెయిటన్. "నీళ్ళలో పోయినవాడు మంచు కరిగాక తనే తేలతాడు. అప్పుడు చూద్దాం."

ఈ ఊరి పోలీసుని నేనే, కానీ వెతుకులాట ఆయన చేతిలో ఉంది.

పోర్ట్ వెస్లీ రేవు చివర, గడ్డకట్టిన ఈరీ సరస్సు ముందు నిలబడి ఉన్నాం. పక్కన ఎల్డన్ రూక్ ట్రక్కు. ఎల్డన్ మా ఊరికి ఒకే ఒక్క యాంటెన్నా మనిషి. ఎవరింట్లో టీవీ బొమ్మ పోయినా ఇంటి పక్క నిలబెట్టిన ఇనప టవరెక్కి సరిచేసేది అతనే. ఆరు రోజులుగా మనిషి లేడు. ట్రక్కు ఇక్కడ దొరికింది. దానికి కాస్త దూరంలో మంచులో ఒక కన్నం, కన్నం అంచున ఎల్డన్ టోపీ. క్రెయిటన్ రెండూ రెండూ కలిపి నాలుగన్నాడు. జిల్లా కేంద్రం నుంచి నా నెత్తిన కూర్చోడానికి వచ్చిన పెద్దమనిషి, ఆయన కలిపితే నాలుగే అవుతుంది.

"బెల్టు లేదు సర్," అన్నాను.

"ఏ బెల్టు?"

టవరెక్కేటప్పుడు నడుముకి కట్టుకునే తోలు బెల్టు. ట్రక్కులో సీటు వెనక కొక్కేనికి వేలాడాలి. నిచ్చెన ఉంది, కేబుల్ చుట్టలు ఉన్నాయి, సిగ్నల్ కొలిచే మీటరు ఉంది, కొక్కెం మాత్రం బోడిగా ఉంది. సరస్సు మీద షికారుకెళ్ళేవాడు స్తంభాలెక్కే బెల్టు కట్టుకుని ఎందుకెళ్తాడని అడిగాను. పైగా ఎల్డన్‌కి ఎత్తంటే లెక్క లేదు గానీ నీళ్ళంటే చచ్చేంత భయం. ఊరంతా మంచు మీద గుడిసెలేసుకుని చేపలు పడుతుంటే అతను ఒడ్డునే నిలబడి టీ తాగేవాడు.

"భయపడేవాళ్ళు కూడా మునుగుతారు," అన్నాడు క్రెయిటన్. "బెల్టు వాడితోపాటే అడుగున ఉంటుంది. ఈ రాత్రి చలి ఎంత ముదురుతుందో తెలుసా నీకు? ఒక శవం కోసం నా మనుషుల్ని చంపుకోలేను."

శవం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎల్డన్‌కి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, అన్నదమ్ముల్లేరు. పోయాడని ఎవరైనా చెబితే కూలబడి ఏడవడానికి ఒక్క మనిషి లేడు. అలాంటివాణ్ణి ఫైల్లో పెట్టి మూసేయడం ఎంత తేలిక! నేను పోయినా ఇంతే కదా అనిపించింది. అందుకే మొండికేశానేమో, దాచుకోవడం ఎందుకు.

అంతలో స్టేషన్ నుంచి ఫోను. ఒడ్డున ఒంటరిగా ఉండే ముసలావిడ మిసెస్ ప్లాంటింగా మళ్ళీ చేసిందట. నిన్న సాయంత్రం కూడా టీవీలో బొమ్మ పోయిందట, పోలీసులు ఏం చేస్తున్నారని అడుగుతోందట.

క్రెయిటన్ విని నవ్వాడు. "వెళ్ళు. నీ స్థాయికి తగ్గ కేసు దొరికింది."

వెళ్ళాను. ఆయన చెప్పాడని కాదు. ఎల్డన్ ఆఖరిసారి పనిచేసింది మిసెస్ ప్లాంటింగా ఇంట్లోనే. క్రెయిటన్ మనుషులు ఆవిడ గుమ్మంలో నిలబడి ఎల్డన్ ఎన్నింటికి వెళ్ళాడని ఒక్క ప్రశ్న అడిగి వచ్చేశారు. లోపలికెళ్ళి కూర్చుంటే సాయంత్రం దాకా వదలదని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఒడ్డు దారిలో గార్నెట్ స్లాట్ తన ట్రక్కుకి కట్టిన పారతో మంచు తోస్తున్నాడు. టొరంటో వాళ్ళ వేసవి కాటేజీలు అక్కడ వరసగా ఉంటాయి, అవన్నీ చలికాలం అతని కాపలాలోనే. నన్ను చూసి ట్రక్కాపి అద్దం దించాడు. మర్యాదస్తుడు. గొంతెప్పుడూ పెంచడు.

ఎల్డన్ని ఆఖరున ఎప్పుడు చూశావని అడిగాను. ఆ రోజు మధ్యాహ్నం అతని ట్రక్కు రేవు వైపు వెళ్ళడం చూశానన్నాడు. ఇదే మాట క్రెయిటన్‌కీ చెప్పాడు. ట్రక్కు నడుపుతున్నది ఎల్డనేనా అన్నాను.

"ఎల్డన్ ట్రక్కు ఇంకెవడు నడుపుతాడు మాగ్దా? ఆ గేరు వాడికి తప్ప ఎవడికీ పడదు."

"మొహం చూశావా?"

"మంచు కురుస్తోంది. టోపీ చూశాను."

కాటేజీల్లో వెతికారా అని అడిగాను. తాళాలన్నీ తనే తీసి చూపించానన్నాడు. నవంబర్లోనే కరెంటు మెయిన్లు దించేశాడట, పైపుల్లో నీళ్ళు కూడా ఖాళీ చేసేశాడట. ఎలుకలు కూడా వేరే ఊరెళ్ళిపోయాయని నవ్వాడు. ఆ తర్వాత, అద్దం ఎత్తబోతూ, చాలా మామూలుగా అడిగాడు.

"ఈ రాత్రి నుంచి సరస్సు మీద ఎవరూ ఉండరట కదా?"

"నీకెవరు చెప్పారు?"

"ఇన్‌స్పెక్టర్‌గారే. రోజూ ఫోన్ చేస్తారు. నా మంచుబండి ఇచ్చాను కదా వెతకడానికి, ఆ అభిమానం."

పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారు గానీ, ఇక్కడ సాక్షికీ పోలీసుకీ మధ్య దోస్తీ కుదిరింది. మనసులో తిట్టుకుంటూ ముందుకి నడిచాను.

మిసెస్ హెండ్రికా ప్లాంటింగాకి ఎనభై దాటాయి. తలుపు తీస్తూనే మొదలుపెట్టింది. అయిదు సాయంత్రాలు ఫోన్ చేస్తే ఇప్పటికి తీరిందా, నేనేమైనా వేళాకోళానికి చేస్తున్నానా, టీవీ కోసం ముసలిది పిచ్చెత్తి అరుస్తోందని అందరూ నవ్వుకుంటున్నారా అని. నవ్వుకుంటున్నారు, నిజమే. నేను బూట్లు విప్పి, ఆవిడ చెప్పిన కుర్చీలో కూర్చుని, పెట్టిన దాల్చినచెక్క బిస్కెట్లు తిన్నాను. ఆ ఇంట్లో వాదించే ముందు తినాలి, అది రివాజు.

"ఎల్డన్ వచ్చిన రోజు రెండు కప్పులు కడిగేదాన్ని పిల్లా," అంది, నాకు కాఫీ పోస్తూ. "ఇవాళ మళ్ళీ రెండు."

మా ఇంట్లోనూ ఒకే కప్పు. టీవీ కూడా బొమ్మ కోసం కాదు, ఇంట్లో ఒక గొంతు వినబడాలని పెట్టుకుంటాను. అది ఆవిడకి చెప్పలేదు. కానీ ఆవిడ టీవీ గోల మొదటిసారి చెవిపెట్టి విన్నాను.

"ఏ ఛానల్ పోతోంది?"

"వాతావరణం."

"అన్ని ఛానళ్ళలోనూ వాతావరణం వస్తుంది కదండీ."

"నాది ఒకటే. ఆరింటి వార్తల తర్వాత పావుగంట పాటు వచ్చేది, ఎదురొడ్డుది. మిగతావి నాకెందుకు?"

ఆ సంగతి ఊరందరికీ తెలిసిందే. ఆవిడ మొగుడు వీబె చేపల పడవ నడిపేవాడు. నలభై ఏళ్ళపాటు ఆవిడ ఆ అమెరికా ఛానల్లో సరస్సు వాతావరణం చూసి, రేపు గాలి ఎటో, ఆయన్ని పంపాలో వద్దో తేల్చేది. వీబె పోయి చాలా కాలమైంది, పడవ అమ్మేసి చాలా కాలమైంది. ఆవిడ మాత్రం చూడటం మానలేదు.

మా ఊళ్ళో ఇళ్ళు వీధి వైపు చూస్తే, యాంటెన్నాలు సరస్సు వైపు చూస్తాయి. అమెరికా స్టేషన్లన్నీ అవతలి గట్టున ఉన్నాయి. నీళ్ళ మీదుగా అంత దూరం వచ్చేసరికి సిగ్నల్ కొన ఊపిరితో ఉంటుంది. పాత రోజుల్లో అయితే సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, నీడలు పడేవి, అయినా ఎంతోకొంత కనబడేది. ఈ డిజిటల్ వచ్చాక నడుమ స్థితి లేదు. ఉంటే అద్దంలా ఉంటుంది, లేదా ముక్కచెక్కలై ఆగిపోతుంది. పాత బొమ్మ మంచాన పడి పోయేది, ఈ బొమ్మ గుండె ఆగి పోతుంది. ఎల్డన్ అనేవాడు ఆ మాట.

అడగాల్సినవన్నీ అడిగాను. బొమ్మ పగలు పోతుందా? పోదు. వార్తలప్పుడు? పోదు. వాతావరణం అమ్మాయి వచ్చి నిలబడగానే పోతుంది, ఆవిడ వెళ్ళిపోగానే వస్తుంది. ఆట కబుర్లు శుభ్రంగా వస్తాయి. ఏ రోజు మొదలైంది? ఎల్డన్ వచ్చి వెళ్ళిన మర్నాటి నుంచి. అతనేమైనా తప్పుగా బిగించాడా అని నాకు ముందు తోచింది. మిసెస్ ప్లాంటింగా ఒప్పుకోలేదు. కేబుల్ అతుకులో నీరు దిగితే తీసి కొత్తది వేశాడట, టవరెక్కి పైన కూడా చూశాడట, ఆ సాయంత్రం వాతావరణం పెళ్ళికూతురిలా వచ్చిందట.

లేచి చూశాను. టవరు చివరన సిగ్నల్‌ని పెంచే చిన్న పెట్టె ఒకటుంటుంది, దానికి ఇంట్లోంచే కరెంటు వెళ్తుంది. టీవీ వెనక దాని దీపం వెలుగుతోంది. అతుకులు బిగుతుగా ఉన్నాయి. ఫిబ్రవరిలో చెట్ల ఆకులు అడ్డొచ్చే మాట లేదు. స్టేషన్‌లోనే లోపమా అంటే, ఊరికి అటు చివర మా ఇంట్లో అదే ఛానల్ నిన్న కూడా చక్కగా వచ్చింది.

నీరు దిగిన కేబుల్‌కి వార్తలూ వాతావరణమూ ఒకటే. వదులు అతుకుకి ఏ వేళయినా ఒకటే. చెడిపోయిన వస్తువు గడియారం చూసుకోదు. ఇది చూసుకుంటోంది. కాఫీ చేతిలో ఉండగా ఈ ఆలోచన వచ్చింది, కప్పు కింద పెట్టేశాను.

"ఆరవుతోంది. ఇవాళ కూడా పోతుందా?"

"నువ్వున్నావని ఊరుకుంటుందేమో. ఎల్డన్ ఎదురుగా కూడా ఎప్పుడూ పోయేది కాదు," అంది ఆవిడ దిగులుగా.

వార్తలు అయ్యాయి. ప్రకటనలు అయ్యాయి. నీలం కోటు తొడుక్కున్న వాతావరణం అమ్మాయి పటం ముందుకొచ్చి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ముక్కలైపోయింది. గొంతు కిచకిచలాడి ఆగిపోయింది.

"చూశావా?" అంది మిసెస్ ప్లాంటింగా. ఆవిడ గొంతులో బాధా ఉంది, నేనబద్ధమాడలేదనే గర్వమూ ఉంది.

రిమోట్ తీసుకుని సిగ్నల్ చూపించే పేజీ తెరిచాను. రెండు గీతలుంటాయి అక్కడ. ఒకటి బలం, ఒకటి నాణ్యత. అడ్డమేదైనా వచ్చి సిగ్నల్ తగ్గితే రెండూ కలిసి పడాలి. ఇక్కడ నాణ్యత సున్నా. బలం మాత్రం ఎప్పటికంటే ఎక్కువుంది. అంటే స్టేషన్ గొంతు తగ్గలేదు. దగ్గర్లో ఎవరో దాని మీద అరుస్తున్నారు. పక్క ఛానళ్ళు పెట్టి చూశాను, అవి బాగానే ఉన్నాయి. అవన్నీ పొట్టి అలల ఛానళ్ళు, ఇదొక్కటే పొడుగు అలలది. మోటార్లూ, తెగిన వైర్లూ, నిప్పురవ్వలూ పాడుచేసేది ఈ రకాన్నే. మా నాన్న డ్రిల్లింగు మిషను పెడితే మా ఇంట్లో హాకీ ఆట పోయేది, అలా తెలుసు నాకు.

నిప్పురవ్వ ఉందంటే కరెంటు ఉండాలి. ఈ ఇంటి చుట్టూ ఉన్నవన్నీ మూసేసిన కాటేజీలు. మెయిన్లు దించేశానని గార్నెట్ ఇందాకేగా చెప్పాడు.

టీవీ మీద యాంటెన్నా తిప్పే పెట్టె ఉంది. మీద బొత్తాం తిప్పితే బయట టవరు మీద చిన్న మోటారు యాంటెన్నాని ఆ దిక్కుకి తిప్పుతుంది. బొత్తాం పడమర వైపు కొంచెం కొంచెంగా తిప్పుతూ బలం గీత చూశాను. యాంటెన్నా అమెరికా నుంచి మొహం తిప్పుకుంటే గీత పడిపోవాలి. పడలేదు. పెరిగింది. ఇంకొంచెం తిప్పాను, ఇంకా పెరిగింది. దాటాక తగ్గింది. వెనక్కి తెచ్చి ఎక్కువున్న చోట ఆపి, కిటికీ పరదా తీసి యాంటెన్నా ఎటు చూస్తోందో చూశాను.

ఒడ్డున, కూతవేటు దూరంలో, ఒంటరిగా ఒక పడవల షెడ్డు. వేసవిలో టొరంటో వాళ్ళు మోటారు పడవలు పెట్టుకునేది. కాటేజీలు తెరిచి చూపించానన్న గార్నెట్ దీని మాట ఎత్తలేదు. దాని చెక్క గోడకి ఒకే ఒక్క చిన్న కిటికీ, మన వైపే ఉంది. మసక వెలుగింకా ఉంది. కాటేజీల కప్పులన్నీ మంచుతో బరువుగా తెల్లగా ఉన్నాయి.

షెడ్డు కప్పు మీద మంచు లేదు.

"మిసెస్ ప్లాంటింగా, ఆ రోజు ఎల్డన్ టవరు దిగి వచ్చాక ఏమైనా అన్నాడా?"

"కాఫీ బాగుందన్నాడు."

"ఆ షెడ్డు గురించి?"

ఆవిడ ఆలోచించింది. "కప్పు మీద మంచు కరిగిపోయిందేమిటన్నాడు. ఎండకేమో అన్నాను. కాదు, గార్నెట్ లోపల హీటరు మర్చిపోయుంటాడు, తగలబడితే ఎలా, వెళ్ళి చెప్పొస్తానన్నాడు. బెల్టు కూడా విప్పకుండా వెళ్ళాడు."

"ఇది పోలీసులకి ఎందుకు చెప్పలేదండీ?"

"నన్నెవరు అడిగారు? ఎన్నింటికి వెళ్ళాడన్నారు, చెప్పాను. మిగతాది చెప్పబోతే మెట్లు దిగిపోయారు."

అప్పుడు తెరమీద కొత్తది జరిగింది. బలం గీత ఒక్కసారిగా పడిపోయింది. మళ్ళీ లేచింది. పడింది, లేచింది. పడింది, లేచింది. ఆగింది. మళ్ళీ మూడుసార్లు అలాగే.

యాంటెన్నా తన వైపు తిరగడం ఎల్డన్ చూశాడు.

ఇంకెవరు చూస్తారు? ఆ షెడ్డు కిటికీలోంచి ఆకాశంలో కనబడే ఒకే ఒక్క వస్తువు అది. తన చేత్తో బిగించిన యాంటెన్నా. అది ఎటు తిరిగితే ఇంట్లో ఏమవుతుందో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. వేడి కోసం షెడ్డులో కరెంటు పెట్టారు, ఆ కరెంటు అతనికి దొరికింది. పాత కాలింగ్ బెల్లో, మరొకటో దొరికి ఉంటుంది. గంట పీకేస్తే చప్పుడుండదు, రవ్వలు మాత్రం చిమ్ముతూనే ఉంటాయి, దానికో తీగ కడితే చాలు. కాపలావాడి చెవిన పడకుండా, గోడలు దాటి వెళ్ళే కేక.

ఆ కేక ఎవరికి వెయ్యాలో కూడా బాగా ఆలోచించుకున్నాడు. రోజంతా వేస్తే పెట్టె పాడైందనుకుని మిసెస్ ప్లాంటింగా టీవీ కట్టేసి పడుకుంటుంది. వాతావరణం ఒక్కటే చెడగొడితే ఊరుకోదు. ఎల్డన్‌కి ఫోన్ చేస్తుంది. ఎల్డన్ ఎత్తకపోతే పోలీసులకి చేస్తుంది. మర్నాడూ చేస్తుంది. ఆ మర్నాడూ చేస్తుంది. ఊరంతా నవ్వే ఆ పట్టుదలని నమ్ముకుని ఒక మనిషి చీకట్లో అయిదు రోజులు కూర్చున్నాడు.

"ఎల్డన్ బతికే ఉన్నాడు," అన్నాను. "మీ బొమ్మ పోగొడుతున్నది అతనే. మిమ్మల్నే పిలుస్తున్నాడు."

ఆవిడ తెర వైపు తిరిగింది. "నేను తిట్టాను వాణ్ణి," అంది. "రోజూ తిట్టాను, సరిగ్గా బిగించలేదని." కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

నాకు ఇంకో సంగతి తట్టింది, అది తట్టాక కూర్చోలేకపోయాను. కరెంటు లేదన్న చోట గార్నెట్ ఏదో దొంగచాటుగా వెచ్చగా దాస్తున్నాడు, ఎల్డన్ వెళ్ళి అది చూసేశాడు. మరి ఎల్డన్ని ఇన్నాళ్ళు ప్రాణాలతో ఎందుకుంచాడు? మునిగి చచ్చాడని తేలాలంటే బతికుండగానే ఆ మంచు కన్నంలోకి దించాలి. కానీ కన్నం చుట్టూ ఆరు రోజులుగా పోలీసులు తిరుగుతున్నారు. ఈ రాత్రి నుంచి ఎవరూ ఉండరు. అందుకే అడిగాడు నన్ను, అంత మామూలుగా. గోరీ మీద పేరు క్రెయిటనే రాసేశాడు, మనిషిని దించడమే మిగిలింది.

ముందు బొత్తాం తిప్పి యాంటెన్నాని మళ్ళీ దక్షిణానికి తెచ్చాను. ఈ ఊళ్ళో పుట్టినవాడెవడైనా పడమటికి తిరిగిన యాంటెన్నా చూస్తే ఆగి చూస్తాడు. తెర మీద ముక్కలు ముక్కలుగా నీలం కోటు. ఇంకా అరుస్తున్నాడు. మంచిది. క్రెయిటన్‌కి ఫోన్ చేసి, ఎల్డన్ పడవల షెడ్డులో ఉన్నాడు, ఉన్న మనుషులందర్నీ తీసుకుని వెంటనే రండి, చప్పుడు లేకుండా రండి అని చెప్పాను.

"నువ్వు చూశావా వాణ్ణి?"

"లేదు. సిగ్నల్ చూశాను."

"టీవీ సిగ్నలా?" అన్నాడు. నవ్వలేదు, అది చాలు. బెల్టు సంగతి, కప్పు మీద మంచు సంగతి గబగబా చెప్పాను. వస్తున్నానని పెట్టేశాడు. ఎంత చెడ్డా పోలీసువాడే కదా అనుకున్నాను, ఆ క్షణానికి ఆయన మీద కోపం కూడా పోయింది.

పిస్తోలు తీసి చూసుకుంటుండగా ఫోన్ మళ్ళీ మోగింది.

"బయల్దేరాం," అన్నాడు క్రెయిటన్. "నువ్వేం తలుపులు బద్దలు కొట్టకు. తాళాలు తెమ్మని గార్నెట్‌కి చెప్పాను."

నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

"దగ్గర్లోనే ఉన్నాడట, వెంటనే వెళ్ళి తెరుస్తానన్నాడు. మంచివాడు. ఆ ముసలావిడ యాంటెన్నా ఇందాక ఇటు తిరిగిందేమిటని కూడా అడిగాడు."

"దొంగ చేతికి తాళాలిచ్చారు సర్," అన్నాను. అరవలేదు. అరిచే ఓపిక లేదు. "కాటేజీల్లో కరెంటు లేదని చెప్పింది అతనే. కప్పు మీద మంచు కరిగింది అతని షెడ్డు మీదే."

ఫోను పెట్టేశాను. మిసెస్ ప్లాంటింగా నా చెయ్యి పట్టుకుంది.

తెర మీద బొమ్మ వచ్చేసింది.

అద్దంలా వచ్చింది. వాతావరణం అమ్మాయి కోటు గుండీలు కూడా కనబడుతున్నాయి. రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుందని, సరస్సు మీద గాలి ఉండదని నవ్వుతూ చెబుతోంది. అయిదు రోజులుగా ఆ ముసలామె ఎదురుచూసిన బొమ్మ. నా జన్మలో అంత భయంకరమైన బొమ్మ చూడలేదు.

"పోవాలి," అంది మిసెస్ ప్లాంటింగా తెర ముందుకి వెళ్ళి. "చెడగొట్టు నాయనా. మళ్ళీ చెడగొట్టు."

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాను. తెర మీంచి చూపు తిప్పొద్దు, బొమ్మ మళ్ళీ పోతే వరండా దీపం వెయ్యమని. తలూపింది. నలభై ఏళ్ళు ఆ తెర ముందు ఒక మనిషి ప్రాణం కోసం కూర్చున్న ఆడది, ఆవిడకి నేర్పేదేముంది.

బయట చలి మొహాన కొట్టింది. దారి మీద వెళ్తే కనబడతానని ఒడ్డు వెంబడి, మోకాలి లోతు మంచులో నడిచాను. గార్నెట్ ట్రక్కు షెడ్డు పక్కనే ఉంది. దీపాలు ఆర్పేసి ఉంది, ఇంజను మాత్రం నడుస్తోంది. ట్రక్కు వెనక, పోలీసుల దగ్గర్నుంచి తిరిగి తెచ్చుకున్న అతని మంచుబండి, దాని వెనక మంచు మీద లాగే చెక్క స్లెడ్జి, ఖాళీగా. మనిషి పట్టేంత ఉంది. షెడ్డు తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపల్నుంచి మాటలు లేవు, పెనుగులాట లేదు. క్రెయిటన్ బండ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఇంకా లేదు.

ఆలస్యమైపోయిందనే అనుకున్నాను. శవం కోసం తలుపు తోస్తున్నానా, మనిషి కోసం తోస్తున్నానా అన్నది నాకు తెలియాలి, రెండింటికీ వెళ్ళే పద్ధతి వేరు. ఆగి వెనక్కి చూశాను. మిసెస్ ప్లాంటింగా ఇల్లు నల్లగా ఉంది. వరండా నల్లగా ఉంది.

దీపం వెలిగింది.

ఆరింది, వెలిగింది. ఆరింది, వెలిగింది. నేను వెయ్యమన్నది ఒక్కసారే. ఆవిడ తెర మీద చూస్తున్నది చూసినట్టు, ఎల్డన్ ఎలా చెబితే అలా, నాకు చేరవేస్తోంది. లోపల మనిషి బతికే ఉన్నాడు. పిస్తోలు తీసి, ఓరగా ఉన్న తలుపుని భుజంతో తోశాను.